ప్రెసిడెంటు గారు

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా రమేష్ బాబు వేలిముద్ర కోసం ఇంకు ప్యాడు ముందుకు తోశాడు.

"ముందు చదవనివ్వండి," అంది లంక గ్రామం మాజీ సర్పంచి సూరమ్మ. "అయిదేళ్లు చదవకుండానే వేలిముద్రలేశాను. కుర్చీలో మా ఆయనే కూర్చునేవారు."

ఆడ సర్పంచులకు రాజకీయ పాఠాలు చెప్పడానికి ఆమె పెడుతున్న సంస్థ రిజిస్ట్రేషను దరఖాస్తు అది. సూరమ్మ ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి కూడబలుక్కుంటూ మూడో వరుస దగ్గర ఆగింది.

"సంస్థకి ప్రెసిడెంటని మా ఆయన పేరు రాశారేంటండి?"

"ఊళ్లో అందరూ ఆయన్నే ప్రెసిడెంటు గారంటారు కదండీ!"

సూరమ్మ పెన్ను లాక్కుని ఆ పేరు కొట్టేసి, తన పేరు వంకరటింకరగా రాసింది.

గుమాస్తా దరఖాస్తు తన వైపు తిప్పుకున్నాడు. "సంస్థ ఆశయం దగ్గర ఖాళీగా ఉందండి. ఏం రాయమంటారు?"

"ఊరూరా ఈ ఇంకు ప్యాడు ఎండిపోవాలని రాయండి."