కాళ్ల మంచు దులుపుకుని రండి

కొండ మీద మంచు కొలిచే గదిలో నేనొక్కణ్ణే ఉంటాను. ‘కాళ్ల మంచు దులుపుకుని రండి’ అని తలుపుకు అట్ట తగిలించి పన్నెండేళ్లయింది. ఇంతవరకూ ఎవరూ లెక్కచేయలేదు, కట్టుకున్న భార్యతో సహా.

ఆ పున్నమి రాత్రి ఆఫీసు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. ఎదురు కొండ మీద, కంటికి కనిపించని వెలుగును పట్టే పరారుణ కెమెరా నిమిషానికొకటి పంపే ఫొటోలు చూడటం వాడి ఉద్యోగం.

“బావా, ఈ చలిలో బయట తిరుగుతున్నావేంటి?”

“రగ్గులో ఉన్నానురా.”

“మరి ఈ నల్లమచ్చలు? కొత్త మంచు వెలుగుని తిప్పికొడుతుంది కాబట్టి ఇందులో తెల్లగా మెరవాలి. తొక్కితేనే నల్లబడుతుంది. అడుగులు వరసగా నీ గది వైపే వస్తున్నాయి.”

లేచి కిటికీలోంచి చూశాను. వెన్నెల్లో మంచు మీగడ కట్టినట్టుంది. ఒక్క గీత కూడా లేదు.

“ఏమీ లేదు. ముందు నీ కెమెరా అద్దం తుడిపించు.”

“మన కంటికి తెలీదు బావా, కెమెరాకే తెలుస్తుంది. ఉండు, కొత్త ఫొటో వచ్చింది. నీ గది చుట్టూ రెండు చుట్లు తిరిగింది.”

తలుపు గడియ పడి ఉందో లేదో చూసుకున్నాను.

“హమ్మయ్య! ఇప్పుడు ఆగిపోయింది. ఇక నిశ్చింతగా పడుకో.”

“ఎక్కడ ఆగిందిరా?”

“నీ గుమ్మం దగ్గర. చూరు కింద మంచుండదుగా, ఇక అది మా పరిధిలోకి రాదు.”

ఫోన్ పెట్టేశాడు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

గుమ్మం బయట ఎవరో టపటపా కాలు దులిపారు. ఇన్నాళ్లకు ఒకరు నా అట్ట చదివారని, నిజం చెప్పొద్దూ, క్షణం పాటు సంతోషం కూడా వేసింది. తర్వాత రెండో కాలు దులిపారు.

ఆ తర్వాత, నింపాదిగా, మూడోది.