నీలగిరి తైలం

"వాసన రాదన్నోళ్లు ఎవలైనా సరే, అంబులెన్స్ ఎక్కుడే" అంది ప్రమీల, గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుంటూ.

మిర్యాలగూడ వయోవృద్ధుల కేంద్రం ముందు నలుగురు ముసలివాళ్లు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి ఉన్నారు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. కేంద్రంలో భజన ఆపేశారు. క్యారమ్స్ బోర్డు గోడకు ఆనించారు. మిగిలింది బీపీ పరీక్ష, పగటి భోజనం, దూరం దూరంగా కూర్చుని మాట్లాడుకోవడం. వాటికైనా లోపలికి పోవాలంటే రోజూ నర్సు ప్రమీల పట్టే సీసా వాసన చూసి, అదేమిటో చెప్పాలి. పోయిన వారం సత్తయ్య చెప్పలేకపోయాడు. అంబులెన్స్ తీసుకుపోయింది. తిరిగి తీసుకురాలేదు.

మూడో గుండ్రంలో ఉన్నది కృష్ణమూర్తి. భూములున్న ఆసామి. పొద్దున జ్వరం గోళీ మింగి వచ్చాడు. ఆవకాయ జాడీలో ముక్కు పెట్టినా ఏ వాసనా తగల్లేదు. ఇంట్లో చెప్పలేదు. రాకుండా ఉందామంటే, ఎందుకు రాలేదని ప్రమీల ఇంటికే ఫోన్ చేస్తుంది.

వెనక గుండ్రంలోంచి మట్టయ్య పలకరించాడు. పాలకీడు నుంచి వచ్చి, రైసు మిల్లులో బస్తాలు మోసి ముసలివాడైన మనిషి.

"ఇయ్యాల మిల్లు వాసన గుప్పుమంటున్నది పటేలా. వడ్లు ఉడకబెట్టిన్రు."

కృష్ణమూర్తి గట్టిగా పీల్చాడు. ఉత్త గాలి వచ్చింది.

"రోజూ ఉండేదే గద" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

అందరికన్నా ముందు సత్యనారాయణ ఉన్నాడు. రిటైరైన గుమాస్తా, మెల్లగా మాట్లాడటం రాదు. ప్రమీల అతని నుదుటి దగ్గర జ్వరం మిషన్ పెట్టి చూసి, సీసా మూత తీసింది. అతను మాస్కు దించి వాసన చూశాడు. సీసా వైపు ఓసారి చూశాడు.

"నీలగిరి తైలం. నిన్నటిదే గదమ్మా."

"పోయి కూసోండి సారూ."

తర్వాత సక్కుబాయి. సీసా ముక్కు దాకా రాకముందే, "గదే బిడ్డా, నీలగిరి" అంది.

"సూడకముందే చెప్తివి గదా అవ్వా."

"నా ముక్కు దూరంకెల్లే పడ్తది."

కృష్ణమూర్తి ముందుకు జరిగాడు. జ్వరం మిషన్ ఏమీ పట్టుకోలేదు. గోళీ పని చేసింది. సీసా ముక్కు కిందికి వచ్చింది. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు. కళ్లు చిట్లించి తల వెనక్కి లాక్కున్నాడు.

"నీలగిరి తైలం. ఏం ఘాటమ్మా, కండ్లల్ల నీళ్లొచ్చినయ్."

"గంత ఘాటున్నదా తాతా?"

"రేపట్నుంచి జర నీళ్లు కలుపు."

ప్రమీల పక్కకు జరిగి దారి ఇచ్చింది. కృష్ణమూర్తి గేటు దాటాడు.

మట్టయ్య సీసా దగ్గర చాలాసేపు ఉన్నాడు. చూశాడు. ముక్కు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏం వస్తలేదమ్మా."

"నిమ్మళంగ సూడు తాతా."

"సూసిన. ముందటోళ్లు చెప్పింది ఇన్న గని, నాకు రాంది వచ్చిందని ఎట్ల చెప్పాలె?"

లోపల సక్కుబాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సత్యనారాయణ కుర్చీని గోడ దాకా లాక్కున్నాడు. మట్టయ్య కృష్ణమూర్తి వైపు చూశాడు.

"పటేలా, ఇంతకముందే నీతోని మిల్లు వాసన అన్న గద. నా ముక్కు మంచిగనే ఉన్నది. జర చెప్పరాదు."

అవునంటే చాలు. కానీ అవునంటే ప్రమీల సీసా మార్చి అందరినీ మళ్లీ వాసన చూడమంటుంది.

"నాతోని ఏమన్లే" అన్నాడు కృష్ణమూర్తి. "వీళ్లకు వేరే గది పెట్టుమని ఎన్నడో చెప్పిన. ఇన్నరా? ఇగ మా అందరికి అంటిస్తడు. ఫోన్ చెయ్యమ్మా, తీస్కపోనీ."

"అంటిచ్చేటోన్నే అయితే నిన్న నా సంచిల తమలపాకెట్ల తింటివి పటేలా?"

కృష్ణమూర్తి వినపడనట్టు పోయి కుర్చీలో కూర్చున్నాడు.

ప్రమీల ఫోన్ చేసింది. మట్టయ్య గేటు బయట కట్ట మీద కూర్చున్నాడు. సంచిలోంచి కేంద్రం వాళ్లిచ్చిన స్టీలు గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"ఇది గీడనే ఉండనీ బిడ్డా. ఇంకెవలకన్న పనికొస్తది."

ప్రమీల రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. లోపల సక్కుబాయి ఏదో గొణుక్కుంటోంది, దేవుడి పేరో సత్తయ్య పేరో తెలియలేదు.

అంబులెన్స్ వచ్చి గేటు ముందు ఆగింది. ఒళ్లంతా కప్పుకున్న మనిషి దిగాడు.

"ఎవలమ్మా?"

మట్టయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. లోపల కృష్ణమూర్తి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు.

ప్రమీల కట్ట మీది గ్లాసు తీసి మట్టయ్య చేతిలో పెట్టింది.

"నువ్వెక్కడికి తాతా? కూసో."

తర్వాత గేటు రెక్కలు రెండూ బార్లా తీసి, లోపలి ముగ్గురినీ చూపించింది.

"వాళ్లను ఎక్కించు. సీసాల ఇయ్యాల నేను పోసింది మంచినీళ్లు."