రెండో పెట్టె

ఆ మంగళవారం ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో కామేశ్వరరావు, ఆయన ఎదురుగా ఫ్యాక్టరీ మేనేజరు రామబ్రహ్మం. వంటింట్లో ఆయన భార్య భ్రమరాంబ. మధ్య గుమ్మంలో, కాఫీ గ్లాసులు పట్టుకుని కొత్తమనిషి ముందుకు వెళ్ళలేక, కూతురు రత్నమాల.

శనివారం సాయంత్రం జీడిమెట్లలో వాళ్ళు పనిచేసే రంగుల ఫ్యాక్టరీ తగలబడింది. షెడ్డుతోపాటు పక్కనున్న కంప్యూటరు గదీ బూడిదైంది. ఆ షిఫ్టులో ఎవరెవరు పనిలో ఉన్నారన్నది ఆ గదిలోని టేపులకే తెలుసు.

టేపులకు నకలు తీసి దూరంగా దాచే పద్ధతి, ఆ కంప్యూటరు గది చూసుకునే కామేశ్వరరావు పెట్టిందే. "రెండూ ఒక్కచోట ఉంటే ఒక్కటి ఉన్నట్టే" అని పోట్లాడి మరీ ఒప్పించాడు. శనివారం శనివారం నకలు టేపును రేకుపెట్టెలో పెట్టుకుని, ప్యూను పెంటయ్య సైకిలు మీద పుప్పాలగూడలోని ఈ ఇంటికి తెచ్చేవాడు. పాత పెట్టె తీసుకుపోయేవాడు.

పెట్టె చోటు రత్నమాల పుస్తకాల అర.

"పైలం బిడ్డా. మా అందరి హాజరు నీ కాడనే ఉన్నది. నువ్వు బడికి డుమ్మా కొడితే మాకు నాగా వడ్తది" అనేవాడు పెంటయ్య. ఎవరితోనూ మాట్లాడని రత్నమాల అతని మాటకు మాత్రం నవ్వేది.

మొన్న శనివారం పెంటయ్య రాలేదు.

"అయితే నకలు మీకు అందలేదంటారు" అన్నాడు రామబ్రహ్మం మళ్ళీ.

"లేదు సార్."

"బతికించారు. షెడ్డులో ఉండి కాలిపోయింది ముగ్గురేనని రాసిచ్చాం. మిగతావాళ్ళు ఆ రోజు పనిలోకే రాలేదన్నాం. పెంటయ్య పెట్టెతో పారిపోయాడని పోలీసులకు చెప్పాం. నిప్పు కూడా వాడే పెట్టాడేమోనన్నాం."

"పెంటయ్య అలాంటి మనిషి కాదు సార్."

"మీరు మంచివారండి కామేశ్వరరావుగారూ. అదే మీతో ఇబ్బంది."

వీధి తలుపు చప్పుడైంది.

భ్రమరాంబ తీసింది. మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయిన ఒక ఆడమనిషి. చంకలో కొంగు చుట్టిన బరువు.

"కంప్యూటర్ సారు ఇల్లు గిదేనా అమ్మా?"

"పనిమనిషి ఉందిలే, వెళ్ళు."

ఆమె కొంగు విప్పింది. రేకుపెట్టె.

రామబ్రహ్మం కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడిది?"

"గేటు కాడ నా చేతికొచ్చిందయ్యా. సారు ఇంటికి చేరాలె అన్నడు. ఇల్లు దొరకక ఆలిశమైంది."

"చూశారా? గేటు దగ్గర పారేసి ఉడాయించాడు" అన్నాడు రామబ్రహ్మం.

ఆమె తలెత్తింది. మళ్ళీ దించుకుంది.

"ఎవరికైనా చూపించావా?" అని అడిగాడు రామబ్రహ్మం.

"లేదయ్యా. ఎవ్వలికీ ఇయ్యొద్దన్నడు."

ఆ అన్నది ఎవరని గానీ, నువ్వెవరని గానీ ఎవరూ అడగలేదు.

"అండ్ల పేర్లుంటయట గద. జర చదువుండ్రి అయ్యా. ఇని పోత."

"కంటికి కనబడవమ్మా. మిషను చదవాలి" అన్నాడు కామేశ్వరరావు.

"చదివిస్తాంలే. మెట్ల మీద కూర్చో. అమ్మగారు మజ్జిగ ఇస్తారు" అన్నాడు రామబ్రహ్మం.

పెట్టె తీసుకుని ఇద్దరూ పెరట్లోకి నడిచారు. అక్కడ నీళ్ళ బాయిలరు రాజుకునే ఉంది.

"మీరు పెట్టిన పద్ధతి కదా, మీరే కానివ్వండి" అన్నాడు రామబ్రహ్మం.

"సార్, ఆ షిఫ్టువాళ్ళు ఎనిమిదిమంది పేర్లున్నాయి ఇందులో."

"మీతో తొమ్మిదిమంది అవుతారు. రేపట్నించి ఉద్యోగం ఉండాలో వద్దో మీరే తేల్చుకోండి."

కామేశ్వరరావు పెట్టె మూత తీశాడు. లోపలి టేపు చుట్టను బాయిలరు మంటలో వేశాడు. టేపు మెలికలు తిరిగి కమురు వాసన లేచింది.

పెరటి గుమ్మంలోంచి రత్నమాల చూసింది. తండ్రి ఆమెను చూశాడు. "ఆవిణ్ణి పంపించెయ్" అన్నాడు.

వీధి మెట్ల మీద ఆమె మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి కూర్చుని ఉంది.

"ఏందో కాల్తున్న వాసనొస్తుంది బిడ్డా."

"నీళ్ళు కాగుతున్నాయి" అంది రత్నమాల.

"రత్నమాలవు నువ్వే గద? బడికి పోతున్నవా రోజూ?"

రత్నమాల చెయ్యి తలుపు గొళ్ళెం మీదే ఆగిపోయింది.

"అందరూ దొంగ అంటున్నరు బిడ్డా. మిషను చదివినంక జర మీ నాయినను చెప్పుమను. సద్ది తెచ్చిన నా చేతిల పెట్టె పెట్టి, లోపలున్నోళ్ళను గుంజుకొస్తనని మళ్ళ పొగలకే వోయిండని..." పెంటయ్య భార్య ఇంకా చెబుతూండగానే, వెనకాలే వచ్చిన కామేశ్వరరావు కూతురి భుజం మీదుగా చెయ్యి చాపి తలుపు వేసేశాడు.