కంటి వెనక బిళ్లలు

"ఆడపిల్లవి, నువ్విక్కడికి రాకూడదమ్మా. ఇంటికెళ్లు."

"వెళ్లనండి మావయ్యా. ఈ బూడిద జల్లించి చూసేదాకా కదలను."

రేపల్లె శ్మశానంలో అస్థి సంచయనం ఆగిపోయింది. కోడలు దీప్తి జల్లెడ తెచ్చుకుని చల్లారిన చితి పక్కన కూర్చుంది. పంతులుగారు మొహం తిప్పుకున్నారు. నలుగురిలో మామగారు వెంకట్రామయ్యకు తల కొట్టేసినట్టయింది.

"చొక్కా చూసి నేనే కదమ్మా గుర్తుపట్టింది."

"అలాంటి చొక్కా తెనాలి బజార్లో వందమంది కొంటారు. నాలుగు రోజులు కాలవలో నానిన శవమండి. మొహమే తెలియలేదు. కాల్చేముందు ఎక్స్‌రే తీయించమని మొత్తుకున్నాను. విన్నారా?"

ఆమె భర్త అభినవ్ వారం కిందట బండెక్కి తెనాలి వెళ్లి తిరిగి రాలేదు. గతంలో అతని కంట్లో గడ్డకు చెన్నైలో కిరణాలు పెట్టారు. అంతకుముందు గడ్డ చుట్టూ, కంటి వెనక, నాలుగు చిన్న లోహపు బిళ్లలు కుట్టారు. కన్ను వెంట్రుకవాసి కదిలినా తెరమీద ఆ బిళ్లలు పట్టిచ్చేవి. వెంటనే కిరణాలు ఆపేవారు. ఎంత మంటలోనూ కరగని లోహమని డాక్టరు చెప్పిన మాట దీప్తి మరిచిపోలేదు.

"దొరికితే?" అన్నాడు వెంకట్రామయ్య.

"మీరు చెప్పినట్టే బొట్టు తీసేస్తానండి."

ఆమె రెండు దోసిళ్లు జల్లించింది. కన్నీళ్లకు ఏమీ కనబడలేదు. వెంకట్రామయ్య జల్లెడ లాక్కున్నాడు.

"ఇటివ్వు. ఈ మూర్ఖత్వం ఇవాళతో తేలిపోవాలి."

తలవైపు బూడిదంతా పిడికెడు పిడికెడుగా జల్లించాడు. చాలాసేపు పట్టింది. ఆఖరికి నడుం పట్టుకుని లేచాడు.

"ఒక్కటీ దొరకలేదమ్మా. వీడు మనవాడు కాదు."

"మరి పదోరోజు కర్మ?" అన్నారు పంతులుగారు.

"బతికున్నవాడికి కర్మేంటండి? మీరెళ్లండి."

దీప్తి మామగారి కాళ్లు పట్టుకుని ఏడ్చేసింది. వారం రోజుల్లో ఆమె గొంతు విప్పి ఏడవడం అదే మొదలు.

"సాయంత్రం తెనాలి బండికి స్టేషన్‌కెళ్తానండి. ఆయన దిగేసరికి ఎవరో ఒకరు ఉండాలి కదా. రోజూ వెళ్తాను."

"వెళ్దువుగానిలేమ్మా. ఆటోలో కూర్చో. స్నానం చేసొస్తా."

ఆమె వెళ్లేదాకా ఆగి వెంకట్రామయ్య కాలవలో మొలలోతుకు దిగాడు. గోత్రం, కొడుకు పేరు గొంతులోనే చెప్పుకుని, రొంటిన దోపుకున్న నాలుగు బిళ్లలూ నీళ్లలో వదిలాడు.