మొగిలి చెయ్యెత్తితే

మొగిలి కుడిచెయ్యి పైకెత్తాడు. గదిలో మాటలు ఆగిపోయాయి.

మాదాపూర్‌లో కంపెనీ ఆఫీసు, ఏడో అంతస్తు మీటింగు గది. బల్లమీద దుప్పటి పరిచి గోధుమరంగు పింగాణీ ఇన్సులేటర్లు ఐదు పెట్టారు. కరెంటు స్తంభాలమీద తీగల్ని మోసేవి. మొగిలి మొదటిదాన్ని కొయ్యసుత్తితో తట్టి, కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఖంగున మోగితే మంచిది, డొల్లగా మోగితే లోపల పగులున్నట్టు. తెల్లాపూర్ అవతలి ఫ్యాక్టరీలో ఆయన చెయ్యెత్తితే మిషన్లు కూడా ఆపేస్తారు.

తలాడించి, సుద్దముక్కతో టిక్కు కొట్టాడు. "మంచిదే."

"పన్నెండింటికి ఫైర్ డ్రిల్ ఉందటండి, ఈలోపు తేల్చేద్దాం" అన్నాడు మేనేజరు భీమేశ్వరరావు.

నవ్య తన ముందు పెట్టిన కాగితం వైపు చూసింది. క్వాలిటీ ఇంజనీరుగా చేరి ఏడాది కూడా కాలేదు. పోయిన వారం నార్సింగిలో ఇన్సులేటర్ పగిలి, తీగ తెగిపడి, లైన్‌మన్ వీరేశం స్తంభంమీదే ప్రాణం వదిలాడు. ఆ లాటు సరుకులో పగుళ్లున్నాయని ఆమె వాడే పరీక్ష మిషన్ ముందే ఎర్రగా చూపించింది. మొగిలి మంచిదే అన్నాడు. ముప్పై ఏళ్లు రాళ్లు పిండిచేసే మిల్లు పక్కనే నిలబడి పనిచేసిన మనిషి, ఆయన ముందు నేనెంత అనుకుని ఊరుకుంది. అదే లాటువి ఐదు ఇప్పుడు బల్లమీద, ఇంకో ఆరువందలు లారీలో ఉన్నాయి.

ఆమె సంతకం పెట్టాల్సిన ఆ కాగితంలో రెండే ముక్కలు: సరుకులో లోపం లేదు, వీరేశమే పానా తగిలించి పగలగొట్టుకున్నాడు.

మొగిలి రెండోదానికీ టిక్కు కొట్టాడు.

"తాతా, అది నా మిషన్లో ఎర్రగా వచ్చింది. ఇంకోసారి చూడండి" అంది నవ్య ఆయన వెనకనుంచి.

ఆయన తిరగలేదు. ఫ్యాక్టరీలోనూ ఇంతే, వెనకనుంచి పిలిస్తే పలకడు. ముసలాయనకు ఎంత పొగరో అనుకుని, ఎదురుగా వెళ్లి మళ్లీ చెప్పింది.

"గట్ల, నా మొఖం జూసి మాట్లాడాలె బిడ్డా" అన్నాడు ఆమె ముఖంలోకి గుచ్చి చూస్తూ. "నువ్వు పుట్టకముందుకెల్లి తడుతున్న. గిది మంచిదే."

మూడోది తడుతుండగా భీమేశ్వరరావు ఫోను మోగింది. ఆయన కంగారుగా దాన్ని నొక్కేసి నాలుక కరుచుకున్నాడు. మొగిలి రెప్ప కూడా కదపలేదు.

"చూశావా? అదమ్మా ఏకాగ్రతంటే!" అని గుసగుసలాడాడు మేనేజరు. "మన కంపెనీకి ఆయన చెవే శ్రీరామరక్ష."

నాలుగోదీ మంచిదే అయింది.

"ఇంకా ఏం ఆలోచిస్తావమ్మా? మిషన్ నిన్నగాక మొన్న కొన్నది" అన్నాడు భీమేశ్వరరావు కాగితం ముందుకు తోస్తూ.

నవ్యకు వీరేశం భార్య పుణ్యవతి గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆయన తప్పేమన్న ఉందా మేడం?" అని మాత్రం అడిగింది. లేదనే మాట ఇప్పుడు నవ్య నోటిదాకా వచ్చింది. కానీ నాలుగు టిక్కులు కళ్లెదుట కనబడుతున్నాయి. ఒకవేళ తన మిషనే తప్పేమో! సిగ్గుతో చచ్చిపోతూ సంతకం పెట్టింది.

భీమేశ్వరరావు వెంటనే ఫోను తీశాడు. "లారీ బయల్దేరమనండి."

"ఇంకోటున్నది సార్, పని సగంల ఇడువద్దు" అంటూ మొగిలి ఐదోది అందుకున్నాడు.

చెయ్యెత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఫైర్ అలారం మోత లేచింది. అద్దాలు అదిరిపోయాయి. నవ్య రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. పక్కనే నిలబడి భీమేశ్వరరావు ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

మొగిలి కళ్లు మూసుకుని, ఐదోదాన్ని మెల్లగా తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

తృప్తిగా తలాడించి, టిక్కు కొట్టాడు.