ఆల్విన్ గారి ఆరోగ్యం

"ఇవాళ ఏ వారం నాన్నా?"

"గురువారం."

"అబ్బబ్బ! తెలీదు అనాలని చెప్పానా లేదా? సరే, మళ్ళీ మొదలెడదాం. ఇది ఏ సంవత్సరం?"

"అదీ మర్చిపోయావట్రా?" అన్నాడు ఆల్విన్, కొడుకు వంక జాలిగా చూస్తూ.

డెట్‌లెఫ్ తల పట్టుకున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లల చేత ఎక్కాలు గుర్తుపెట్టించిన మేష్టారాయన. డెబ్భై రెండేళ్ళ వయసులో కన్నతండ్రికి మతిమరుపు నేర్పాల్సి వస్తుందనుకోలేదు.

తొంభై ఏడేళ్ళ ఆల్విన్ మీద కేసు పడింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన ఒక ఖైదీల శిబిరంలో, కాపలా గోపురం మీద తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. కింద వేలమంది చచ్చిపోయారు. ఆ తర్వాత ఆయన ఇల్లు కట్టుకున్నాడు, గులాబీలు పెంచాడు, ఊరి బృందగానంలో పాడాడు. అన్నాళ్ళూ ఏ ప్రాసిక్యూటరూ తలుపు తట్టలేదు. పై అధికారులందరూ పరుపుల మీద హాయిగా కన్నుమూశాక, ప్రభుత్వానికి న్యాయం గుర్తొచ్చింది. నేరం నాటికి ఆయనకి ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి, చట్టప్రకారం విచారణ పిల్లల కోర్టులో.

మొన్న ఆ కోర్టు తరఫున ఓ అమ్మాయి వృద్ధాశ్రమానికి వచ్చి, ఆయన పెంపకం గురించి, చెడు సావాసాల గురించి శ్రద్ధగా అడిగి వెళ్ళింది కూడా.

రేపు డాక్టరమ్మ వస్తుంది. మతీ ఒళ్ళూ సరిగ్గా లేవంటే కేసు మూసేస్తారు. ఉన్నాయంటే కోర్టు.

"నాన్నా, లాయరు ఏమన్నాడో విన్నావుగా. వాళ్ళకి దొరికింది ఒకే ఒక సాక్షి. ఎవరో లీబా రోజిన్ అట. అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లట. నువ్వు ఒక్క రోజు మతి పోయినట్టు నటిస్తే..."

తలుపు తోసుకుని హెడా వచ్చింది. ఎదురుగదిలో ఉండే ఎనభై ఆరేళ్ళ మనిషి. చేతిలో నానబెట్టిన ఎండుపళ్ళ గిన్నె, దువ్వెన. ఆల్విన్ పళ్ళెంలో సాసేజీ చూడగానే లాగేసుకుంది.

"మళ్ళీ ఉప్పు! మీ గుండె ఏం కావాలి ఆల్విన్ గారూ?"

"'నువ్వు' అని పిలవమన్నానుగా హెడా! ఇంకా గారూ, మీరూ ఏమిటి?"

"తీర్పు వచ్చాక చూద్దాం."

ఆశ్రమంలో అందరూ ముసిముసిగా నవ్వుకునేది ఇందుకే. ఆయన పెళ్ళి మాటెత్తినప్పుడూ ఆమెది ఇదే జవాబు. ఆమె వచ్చి రెండేళ్ళయింది. వచ్చినప్పుడు ఆయన మంచం దిగేవాడు కాదు. మందులు సమయానికి మింగించి, చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించి మనిషిని చేసింది. "సొంత మొగుణ్ణి కూడా ఎవరూ ఇలా చూసుకోరమ్మా" అనేది నర్సు కోర్డులా. అంత పద్ధతైన మనిషి, టీకాల రోజున మాత్రం గదిలోంచి కదిలేది కాదు. వరసలో నిలబడటం ఒంటికి పడదట. నర్సే సూది పట్టుకుని గదికి వెళ్ళేది.

రోజూ సాయంత్రం కాఫీ, కేకుల వేళ హెడా ఆయన జ్ఞాపకశక్తికి కసరత్తు చేయించేది. గోపురం ఎటు వైపుండేది? పొద్దున్న ఖైదీల్ని లెక్కపెట్టేది ఎవరు? పక్కన ఎవరు నిలబడేవారు? ఆయన ఉత్సాహంగా చెప్పేవాడు. ఒకసారి, గోపురం మీద తను మౌతార్గాన్ వాయించేవాణ్ణని చెప్పి, పాట మొదటి చరణం దగ్గర ఆగిపోయాడు. మిగతాది హెడా కూనిరాగం తీసింది.

"నీకూ వచ్చే!"

"ఆ రోజుల్లో అందరి చెవినా పడిన పాటేగా," అందామె.

ఇప్పుడు ఆమె దువ్వెన తీసేసరికి డెట్‌లెఫ్‌కి ఒళ్ళు మండింది. "హెడా గారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క రోజు ఆయన్ని వదిలెయ్యండి. ఈ వయసులో కోర్టుకీడిస్తే ఎవరికి లాభం? ప్రశాంతంగా పోనివ్వండి."

"ప్రశాంతంగా పోనిచ్చే పని నాది కాదండీ. బతికించే పని నాది," అంటూ ఆల్విన్ క్రాపు దువ్వింది. "మతి లేదనిపించుకుంటారా ఆల్విన్ గారూ? నేను మిమ్మల్ని బుర్రున్న మగాడనుకున్నాను."

అంతే. డెట్‌లెఫ్ నేర్పిన పాఠమంతా కొట్టుకుపోయింది.

మర్నాడు హెడా పెదాలకి రంగేసుకుని గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ, "వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళ్ళండి తాతగారూ" అంది. ఆల్విన్ ఒకసారి గుమ్మం వైపు చూసి, మీసం సవరించుకుని, ఆగకుండా రెండు దాకా దిగాడు.

"ఇంకా కిందికి పొమ్మంటారా?"

మూడు మాటలు గుర్తుపెట్టుకోమంటే, తిరగేసి కూడా అప్పజెప్పాడు. డాక్టరమ్మ ముచ్చటపడి, రోజుకి రెండు గంటలు కోర్టులో నిక్షేపంగా కూర్చోగలరని తేల్చింది. డెట్‌లెఫ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. హెడా అంత సంబరంగా నవ్వడం ఆశ్రమంలో ఎవరూ చూడలేదు.

పిల్లల కోర్టు వరండాలో ఎలుగుబంటి బొమ్మలున్నాయి. వాటి మధ్యనుంచి ఆల్విన్ చక్రాల కుర్చీని హెడాయే తోసుకొచ్చింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

"తీర్పు వచ్చాక 'నువ్వు' అంటావుగా?" అడిగాడాయన గుసగుసగా.

"మాటంటే మాటే."

మనవరాలి వయసున్న న్యాయమూర్తి అభియోగం చదివించింది. తర్వాత కళ్ళద్దాలు సరిచేసుకుని, "సాక్షి లీబా రోజిన్ ముందుకు రావాలి" అంది. అందరూ తలుపు వైపు తిరిగారు. ఎవరూ రాలేదు. డెట్‌లెఫ్ ముఖంలో చిన్న ఆశ మెరిసింది. ఆల్విన్ ధైర్యం కోసం హెడా చెయ్యి అందుకుందామని చెయ్యి వెనక్కి చాపాడు.

హెడా చక్రాల కుర్చీకి బ్రేకు వేసి, సాక్షి కుర్చీ వైపు నడిచింది.