నిమ్మకొమ్మ వదలని పిట్ట

కుట్టుమిషను ఆపి ఆమె మళ్ళీ కిటికీలోంచి చూసింది. ఉన్నాడు. పెరటిగోడ అవతల, కళ్ళకి బైనాక్యులర్ ఆనించుకుని, నిన్నటి చోటనే నిలబడ్డాడు. ఒంటరి ఆడదాని పెరట్లో ఈ మనిషికేం పని?

"పిన్నీ, ఎవరో మా పెరట్లోకే చూస్తున్నాడు," అంది పక్కింటావిడతో గొంతు తగ్గించి.

పక్కింటి పిన్ని పగలబడి నవ్వింది. "ఆయనా! పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. పిట్టల పిచ్చి. మనుషుల్ని చూసే తీరికెక్కడిదే ఆయనకి? అవునూ, మీ ఆయన క్యాంపు నుంచి ఇంకా రాలేదా?"

"వస్తారు పిన్నీ."

మర్నాడూ వచ్చాడు. అతన్నే చూస్తూ కుడుతుంటే సూది కాస్తా వేలికి దిగింది. ఇక లాభం లేదనుకుని, చేతిలో కత్తెరతోనే పెరట్లోకి నడిచింది.

"రోజూ ఏం చూస్తున్నారండీ?"

"ష్! కదలకమ్మా." ముసలాయన నిమ్మచెట్టు వైపు వేలు చూపించాడు. "అదిగో, తోక ఎగరేస్తోందే, గుప్పెడంత పిట్ట! ఈగల్ని పట్టి తింటుంది. చూడు, చూడు!"

పిట్ట గాల్లోకి దూకి, ఈగను ముక్కున కరుచుకుని, మళ్ళీ అదే కొమ్మ మీద వాలింది.

"ఆ తోక ఎగరెయ్యడమే దాని గుర్తు. గొంతు కింద నారింజ రంగుంటే మగది. దీనికి లేదు, ఆడదే అయ్యుంటుంది. ఒంటరిగా ఉంటుంది. తన చోటికి ఇంకొకర్ని రానివ్వదు."

ఆమెకి ఊపిరాడింది. ఎంత హడలి చచ్చింది! "అరుదైన పిట్టా అండీ?"

"అబ్బే, చలికాలంలో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. నన్ను తినేస్తున్న సందేహం వేరు. ఇది కాలు నిలవని పిట్ట, చెట్టు చెట్టుకీ తిరుగుతుంది. మరి వారం నుంచీ ఈ కొమ్మ వదలదే! ఇంత చలిలో ఇక్కడే ఇన్ని ఈగలెక్కణ్ణుంచి వస్తున్నాయంటావు?"

ఆమె చేతిలోని కత్తెర బిగించి పట్టుకుంది.

"ఇంట్లో మీ ఆవిడగారు మీకోసం ఎదురుచూడరూ?" అంది.

"నాకెవరున్నారు తల్లీ! ఒక్కసారి లోపలికొచ్చి చూడనా?"

ఆమె వీధి అటూ ఇటూ చూసి, పెరటి తలుపు గడియ తీసింది.

"దానికేం భాగ్యం, రండి బాబాయిగారూ. దగ్గర్నుంచే చూద్దురుగాని."

చెట్టు కింద, మొగుడి పక్కన, ఇంకొకరికి చోటుంది.